తంతల్ పద్దు

ఆ ఏడు చలికాలం మొదట్లో, బస్రాకు ఎగువనున్న రెల్లు చిత్తడి ఊళ్లో, దఖీల్ చేతిలో ఉన్నవి ఇవి: తారు పూసిన పొడుగు పడవ, పెరట్లో మనిషెత్తున పేర్చిన రెల్లుచాపల కట్టలు, గెడ వెయ్యడంలో తనకన్నా నేర్పరి అయిన తమ్ముడు చిలైబ్, తల్లి లేని కూతురు వబ్రియా, ఇంకా రెండు తెగల ఊళ్లలోనూ చెల్లే మాట. అన్నిట్లోకీ చివరిదానికే విలువ ఎక్కువని అతని లెక్క. పడవ పాతబడుతుంది. చాప తడిస్తే కుళ్లుతుంది. దఖీల్ అన్నాడంటే అయినట్టే అనే మాట మాత్రం వాడేకొద్దీ పెరుగుతుంది.

ఆ మాటను నమ్ముకునే ఉస్తాద్ హిక్మత్ బాగ్దాద్ నుంచి వచ్చాడు. చిబాయిష్ బజారులో ఎవర్ని అడిగినా దఖీల్ పేరే చెప్పారట. పల్చటి మనిషి, కళ్లజోడు, పాలిష్ చేసిన బూట్లు. ఒక చేతిలో తోలుపెట్టె, రెండో చేతిలో టేపురికార్డరు. లాంచీ దిగి రేవు బురదలో బూట్లు కూరుకుపోతుంటే, పెట్టెను నెత్తికెత్తుకుని పెరట్లోకి వచ్చాడు.

దఖీల్ చాపల కట్టకు గోనెపట్టా చుట్టి కుడుతున్నాడు. కొంచెం దూరంలో చిలైబ్ గొంతుక్కూర్చుని పచ్చి రెల్లును నిలువునా చీలుస్తున్నాడు. కత్తి మొన కాడలో దించి ఒక్కసారి లాగితే సర్రుమని చివరిదాకా విచ్చుకుంటోంది. చీల్చినవాటిని వబ్రియా రోకలితో చదును చేస్తోంది.

టీ తాగాక హిక్మత్ దఖీల్ చేతిలోకి చూసి నవ్వాడు. "మీ నీళ్లదయ్యం తంతల్‌కి భయమంటారే, ఆ దబ్బనం ఇదేనా?"

"ఇదే. ఒకటి మీ కోటు లోపల గుచ్చుకోండి ఉస్తాద్. ఈ నీళ్ల మీద తిరిగేవాడెవడూ ఇది లేకుండా గడప దాటడు."

"మీరు నమ్ముతారా?"

"నేను దబ్బనాలు అమ్ముతాను. నమ్మడం కొనేవాడి పని."

వబ్రియా రోకలి ఆపి కిసుక్కున నవ్వింది. హిక్మత్ కూడా నవ్వాడు, కానీ అతని చేతులు అప్పటికే టేపురికార్డరు మూత తీస్తున్నాయి. తను పదేళ్లుగా ఇదే పనిమీద ఉన్నానని చెప్పాడు. తుర్కీ కొండల్లో మేకలకాపర్లు చెప్పారు. ఇరాన్ ఎడారి అంచున ఒంటెలవాళ్లు చెప్పారు. గ్రీకు పడవవాళ్లు చెప్పారు. హిందూదేశంలోనూ ఉందట. పొద్దు వాలాక తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలిచే ఒక జీవం. పలికావా, పోయావు.

"వీళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసినవాళ్లు కాదు దఖీల్. అయినా అన్నిచోట్లా అదే పిలుపు. ఎందుకు? అది తేల్చాలంటే మీ తంతల్ కావాలి నాకు. తాతలు చెప్పిన కథలు పెట్టెనిండా ఉన్నాయి. సొంత చెవులతో విన్నవాడు ఒక్కడు కావాలి."

రెల్లు చీలిన చప్పుడు రాలేదు. దఖీల్ తలతిప్పి చూస్తే చిలైబ్ కత్తి కాడ సగంలో ఆగివుంది.

"బస్రా రేవులో మా బావమరిదికి గోదాముల కాంట్రాక్టు ఉంది," అన్నాడు హిక్మత్, కాళ్లు చాపుకుంటూ. "కప్పులకీ కింద పరచడానికీ పడవలకొద్దీ చాపలు కావాలంటున్నాడు. మీ పేరు రాస్తాను."

దఖీల్ కుట్టు ముడివేసి దారం పంటితో కొరికాడు. చిబాయిష్ దళారీలు లేకుండా నేరుగా బస్రాకు సరుకు పంపాలన్నది అతను ఎన్నాళ్లుగానో కన్న కల. అదిప్పుడు తన పెరట్లోకి వచ్చి తన టీ తాగుతోంది.

ఆ సాయంత్రం గేదెలు నీళ్లలోంచి ఇంటిదారి పట్టే వేళ తమ్ముణ్ణి రేవు దగ్గరికి తీసుకెళ్లాడు.

"నీ సంగతి చెప్పు ఆయనకి."

"వద్దన్నా."

"పేర్లు బయటికి రావు. ఒట్టు వేయిస్తాను."

"వద్దంటున్నాగా. అదేమన్నా చాపా, చుట్ట చుట్టి అమ్మడానికి?"

"నువ్వేం తప్పు చేశావురా? తంతల్ పిలిచింది, పలకలేదు. మన నాన్న అయినా అదే చేసేవాడు. నాలుగేళ్లయింది, ఇప్పటికీ పొగమంచు దిగితే నీకు కూడు దిగదు. ఒకసారి బయటికి చెప్పేస్తే గుండె తేలికపడుతుంది."

అందులో సగం తమ్ముడి మీద ప్రేమ, సగం బస్రా. ఏది ఎంతన్నది దఖీల్ విడదీసి చూసుకోలేదు. చిలైబ్ తలూపాడు. అన్న మాట కాదనడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

హిక్మత్ ఒట్టు వేశాడు. దఖీల్ మామూలు ఒట్టు ఒప్పుకోలేదు, తాము కొలిచే అమరవీరుడు అబ్బాస్ మీద వెయ్యమన్నాడు. ఆ చిత్తడి ఊళ్లలో దొంగ కూడా దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేస్తాడు గాని అబ్బాస్ పేరెత్తితే సరుకు తిరిగిచ్చేస్తాడు. దేవుడు క్షమిస్తాడు, అబ్బాస్‌కు కోపం ఎక్కువ. హిక్మత్ మాత్రం ఇంకో గ్లాసు టీ పొయ్యమన్నంత సులువుగా అనేశాడు: "అబ్బాస్ మీద ఒట్టు, ఇది నా నోట బయటికి రాదు."

చిలైబ్ చెప్పాడు. టేపు చక్రాలు తిరుగుతుంటే వాటినే చూస్తూ చెప్పాడు.

"రెల్లు కోసుకుని వస్తున్నా. పొద్దు వాలుతోంది. పొగమంచు దిగింది, పడవ ముక్కు కనపట్టంలా. కుడిపక్క రెల్లులోంచి పిలిచింది. చిలైబ్, అని. జహైష్ గొంతు, అవతలి తెగలో నాకు తెలిసిన కుర్రాడు. మళ్లీ పిలిచింది. దబ్బనం తీసి పడవ ముక్కున గుచ్చి, గెడ తిప్పుకుని వచ్చేశా. తెల్లారి వాళ్ల ఊరివాళ్లు వెతుకుతుంటే ఆ రెల్లులోనే దొరికాడు. పడవ బోర్లాపడింది. గెడ విరిగింది. రెల్లుదుబ్బు కావలించుకుని ఉన్నాడు. చలికి పోయాడు."

"వాణ్ణి తంతల్ తీసుకుపోయిందని ఊరంతా అన్నది," అన్నాడు దఖీల్. "అప్పుడు వీడు పిలుపు విన్నాడని నాకూ వీడికీ తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు."

"విన్నానని చెబితే తప్పేముంది?"

ఇంత చదివినవాడికి ఇంత సులువైన లెక్క రాకపోవడం దఖీల్‌కు వింతగా తోచింది.

"తంతల్ చంపితే ఆ రక్తానికి ఎవడూ జవాబుదారీ కాడు ఉస్తాద్. మనిషి విని వదిలేశాడంటే అది మనిషి పద్దు. ఆ కుర్రాడి చిన్నాన్నలకి తెలిస్తే వీణ్ణి చంపుతారు. పెద్దమనుషులు అడ్డం పడి పంచాయితీ పెట్టారా, చచ్చినవాడికి బదులు ఆడపిల్లని ఇవ్వమంటారు. మా ఇంట్లో ఉన్నది ఒక్కతే."

అప్పుడే వబ్రియా వేడి బియ్యపురొట్టెలు, గేదె మీగడ తెచ్చి మధ్యలో పెట్టింది. హిక్మత్ ఆ పిల్లను చూసి, దఖీల్‌ను చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని తలవంచాడు. తర్వాత రొట్టె తుంచుకున్నాడు.

మర్నాడు దఖీల్ చాపలతో అవతలి తెగ ఊరికి బయలుదేరబోతుంటే హిక్మత్ ఇంకో కోరిక బయటపెట్టాడు. ఆ చనిపోయిన కుర్రాడి తల్లి నష్మియా, రెండు తెగల్లోనూ ఆమెను మించిన కథలమనిషి లేదని చిబాయిష్‌లో విన్నాడట. తంతల్‌కు పెళ్లి కుదిరిన కథ ఒకటి ఆమెకు మాత్రమే వచ్చట.

"వచ్చు," అన్నాడు దఖీల్. "కొడుకు పోయాక నోరు తెరవలేదు. పసిపిల్లలు కొంగు పట్టుకు లాగినా చెప్పదు."

"ప్రయత్నిద్దాం."

"ప్రయత్నిస్తారు సరే. ఉత్తచేతుల్తో అడక్కండి. ఇక్కడ ఏది కావాలన్నా ముందు ఏదో ఒకటి పెట్టాలి." అందుకని దఖీల్ చక్కెర పొట్లం, టీ ఆకు, నల్ల గుడ్డ ఒక కొలత పడవలో వేసుకున్నాడు. చిలైబ్ గెడ పట్టాడు.

నష్మియా ఇంటిముందు పేడ పిడకలు కొడుతోంది. భర్త పోయి చాలా కాలమైంది. మరుదులు, ఇద్దరు కొడుకులు ఉన్న ఇల్లు. ఆ ఊళ్లో చిన్నా పెద్దా ఆమెను ఇప్పటికీ ఉమ్ జహైష్ అనే పిలుస్తారు, పోయిన పెద్దకొడుకు తల్లిగానే. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, వచ్చినపని విని, చక్కెర పొట్లాన్ని అరచేత్తో మెల్లగా వెనక్కి తోసింది.

"ఆ కథలో ఉన్నవాడు మా ఇంటికే వచ్చి వెళ్లాడు నాయనా. ఇంకా వాడి గొప్పలు నేనెందుకు చెప్పాలి?"

"ఒక్క కథ, అమ్మా. ఒక్కటి చాలు."

"బాగ్దాద్‌లో కథలు అయిపోయినయ్యా? దఖీల్ అన్నా, నీ అతిథికి చేప కాల్చి పెట్టి తీసుకుపో. కథలకన్నా చేప మంచిది."

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. హిక్మత్ నవ్వలేదు.

ఇంకో రోజు ఆగుదామని అతనే పట్టుబట్టాడు. ఆ రాత్రికి ఊరి అతిథిశాలలో పడుకున్నారు. తెల్లవారాక నష్మియా మరిది సహైన్‌తో దఖీల్‌కు చాపల బేరం ఉంది. సహైన్ బేరంలో మొండి. ప్రతి చాపా విప్పించి, వెలుతురుకు ఎత్తి, అల్లిక వదులుగా ఉందేమో చూసి, లేదని తేలాక కూడా ఉన్నట్టే మొహం పెడతాడు. దఖీల్‌కు అలాంటి బేరమంటే ఇష్టం. కాఫీ మీద కాఫీ తాగారు. హిక్మత్ ఎప్పుడు లేచి వెళ్లాడో చూసుకోలేదు.

బయట రోకళ్ల చప్పుడు ఆగిపోయింది. సహైన్ మాట మధ్యలో ఆపి చెవి ఒగ్గాడు.

"వదిన గొంతు," అన్నాడు.

నష్మియా చెబుతోంది. ఒక్కో మాటకు ఊపిరి పోసి, తంతల్ నడకకు నేలమీద పిడికిళ్లతో చప్పుడు చేస్తూ, పెళ్లికూతురు మాటలకు గొంతు సన్నం చేస్తూ. ఊరి ఆడవాళ్లు పనులు వదిలి గుమ్మం ముందు చేరారు. సహైన్ తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుని, "ఎట్లా పలికించాడయ్యా నీ బాగ్దాద్ మనిషి! నీవల్లే అన్నా ఇది," అని దఖీల్ అడిగిన ధరకే చాపలు తీసుకున్నాడు.

వెళ్లిపోయేటప్పుడు నష్మియా రేవు దాకా వచ్చింది. ఎప్పుడూ 'దఖీల్ అన్నా, పదిలం' అనేది, ఈసారి అనలేదు. పడవలో గెడ పట్టుకున్న చిలైబ్‌ను చూస్తూ నిలబడింది. చిలైబ్ ముందుకు వంగి గెడ వేశాడు.

దారిపొడుగునా హిక్మత్ ఆగకుండా మాట్లాడాడు. టేపులను కోటు లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకున్నాడు. ఇలాంటి కథ ఎక్కడా లేదన్నాడు. తంతల్ కూడా పిలుస్తుంది, పలికేవాళ్లు లేక పెళ్లికూతురి ఇంటిముందు ఏడుస్తుంది, ఎంత అద్భుతం అన్నాడు. దఖీల్ వింటూ పడవలోని సామాను సర్దుతున్నాడు. చాపల పట్టా ఎత్తితే కింద చక్కెర పొట్లం కనిపించింది. ముడి విప్పలేదు. పక్కనే టీ ఆకు, నల్ల గుడ్డ.

"ఏమిచ్చి ఒప్పించారు ఆమెని?"

"మాట్లాడాను. మనసు పెట్టి మాట్లాడితే ఎవరైనా చెబుతారు దఖీల్."

దఖీల్ ఆ పొట్లాన్ని చేతిలో తూచినట్టు పట్టుకుని మళ్లీ కిందపెట్టాడు. వెల ఇవ్వకుండా ఎవరూ సరుకు ఇవ్వరు. ఇచ్చింది చక్కెర కాకపోతే మరేదో. ఆ మరేదో ఏమిటన్నది అతని మనసుకు తట్టింది. తట్టినా, ఇతను తన రొట్టె తిన్నాడు, అబ్బాస్ మీద ఒట్టేశాడు అనుకుని దాన్ని పక్కకు నెట్టాడు.

మర్నాడు పొద్దెక్కాక హిక్మత్ లాంచీ కోసం పెట్టె సర్దుకుంటున్నాడు. రేవుకు ఒక చిన్న పడవ ఆనింది. నల్ల అబాయా నడుముకు బిగించి, నష్మియా ఒంటరిగా గెడ వేసుకుంటూ వచ్చింది. వెంట కొడుకులు లేరు, మరుదులు లేరు.

దఖీల్ ఆమెను చూసి, తర్వాత హిక్మత్ మొహం చూశాడు. ఇక అడగాల్సింది మిగల్లేదు. అయినా అడిగాడు.

"చక్కెర నా పడవలోనే ఉంది ఉస్తాద్. కథ దేనితో కొన్నారు?"

హిక్మత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆమె తల్లి. కొడుకు ఆఖరి పిలుపు ఎవరు విన్నారో తెలుసుకునే హక్కు ఆమెకి లేదా?"

"ఉంది. అమ్ముకునే హక్కు మీకు లేదు."

"నేను అమ్మలేదు. ఊరంతటికీ చెప్పలేదు. ఆమె ఒక్కదానికే..."

"పేరు చెప్పారా?"

"పేరు లేకుండా ఆమె నమ్మలేదు."

"మీరు తిన్న రొట్టె ఎవరు తెచ్చిపెట్టారో గుర్తుందా?"

దఖీల్ కూతుర్ని కేకేసి గేదెల దగ్గరికి పంపేశాడు. నష్మియా గుడిసెలోకి వచ్చేసరికి తలతాడు తీసి, తలగుడ్డతో సహా ఆమె కాళ్లముందు పెట్టాడు. మగవాడు చెయ్యగలిగిన చివరి పని అది. దాని తర్వాత ఇవ్వడానికి ఇంకేమీ ఉండదు.

"తీసి పెట్టుకో అన్నా," అంది ఆమె. "చలేస్తుంది. నేను మగవాళ్లకేమీ చెప్పలేదు."

హిక్మత్ చెయ్యి అలవాటుగా టేపురికార్డరు మీదికి వెళ్లింది. ఆమె చూసింది.

"ఈ పెద్దమనిషి బయట కూర్చుంటాడు. నిన్న చెప్పింది కథ. ఇది కాదు."

హిక్మత్ లేచి వెళ్లాడు. గుడిసెలో ముగ్గురు మిగిలారు. చిలైబ్ మూలన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రెల్లుకత్తి ఉంది, చీల్చడానికి రెల్లు లేదు. నష్మియా అతనికి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చుంది.

"వాడు నీ పేరు పెట్టి పిలిచాడని ఉస్తాద్ చెప్పాడు. పిలిచి ఊరుకున్నాడని చెప్పాడు. నేను రాత్రంతా అదే ఆలోచించా. నా కొడుకు ఊరుకునే రకం కాదురా. వాడు గేదెకి గడ్డేస్తూ దానితో అంతసేపు కబుర్లు చెప్పేవాడు. నిద్రలో కూడా వాగేవాడు. ఒట్టి పేరు పిలిచి ఆగాడంటే నేను నమ్మను. ఇంకా ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా."

"అన్నాడు. నాకు అదే కావాలి. అందుకే వచ్చా. వాడి మాటలు నీ దగ్గరున్నాయి, నాకిచ్చెయ్యి."

చిలైబ్ అన్నకేసి చూశాడు. చెప్పు, అన్నట్టు దఖీల్ తలూపాడు. దాచేది ఏమీ లేదని అతని నమ్మకం. రెండుసార్లు పిలిచింది, తంతల్ అనుకున్నాడు, వచ్చేశాడు. తల్లికి ఆ మాట తమ్ముడి నోటితో వినబడితే చాలు.

చిలైబ్ కత్తి కిందపెట్టాడు. గొంతు తనది కాదు, ఎవరిదో చిన్నపిల్లాడిది.

"చిలైబ్, గెడ విరిగింది. చిలైబ్, నీ పడవ కనిపిస్తోంది, అటెళ్తావేం? ఈటె ఇచ్చేస్తాలే. అబద్ధమాడా, పోలేదు, ఇంట్లోనే ఉంది. ఇవాళే ఇచ్చేస్తా, రా. నీళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దుపోతే అమ్మ తిడుతుంది."

నష్మియా పెదాలు కదులుతున్నాయి, ఆ మాటల్ని బట్టీపడుతున్నట్టు.

"అమ్మ తిడుతుందన్నాడా?"

"అన్నాడు."

"తిట్టేదాన్నే," అంది. "బాగా తిట్టేదాన్ని."

దఖీల్ ఆ మాట వినలేదు. అంతకు ముందు మాట దగ్గరే ఆగిపోయాడు.

"ఏ ఈటె?"

చిలైబ్ తల ఎత్తలేదు.

"ఏ ఈటెరా? తంతల్‌కి ఈటె సంగతి ఎట్లా తెలుసు?"

"నా అయిదు ముళ్ల చేపల ఈటె. అడిగి పట్టుకెళ్లి పోయిందన్నాడు. వాడు దాంతో చేపలు కొడుతుంటే నేను చూశా."

"అంటే వాడేనని తెలుసు నీకు."

"తెలుసు. కాసేపు వణకనీ, బుద్ధొస్తుంది అనుకున్నా. ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని వెళ్లి తెచ్చుకుందామనుకున్నా. తినేసరికి పొగమంచు గోడకట్టినట్టు దిగింది. రెండుసార్లు పడవ తీశా అన్నా. ఆ రెల్లు దొరకలా. నేను పిలిచా. వాడు పలకలా."

"తంతల్ అని చెప్పావు నాకు."

"నేను చెప్పలా. తెల్లారి వాడు దొరికాక నేను వణుకుతుంటే నువ్వే అన్నావు. ఏమైందిరా, తంతల్ పిలిచిందా, పలకలేదు కదా, బతికిపోయావు అన్నావు. నేను తలూపా. అంతే."

నాలుగేళ్లుగా ఈ తమ్ముడి భయాన్ని దఖీల్ పసిబిడ్డలా కాపాడాడు. పొగమంచు రోజుల్లో పడవ ఎక్కనివ్వలేదు. పెళ్లి మాట ఎత్తితే, గుండె కుదుటపడనీ అని వాయిదా వేశాడు. నిన్నగాక మొన్న బాగ్దాద్ మనిషి ముందు కూతుర్ని చూపించి వీడికోసం ఒట్టు వేయించాడు. బయట కూర్చున్నవాడు మోసగాడని ఇందాకటినుంచి కుతకుతలాడుతున్నాడు. ఆ పరాయివాడు ఒక్క ఒట్టు తప్పాడు. వీడు రోజూ తన ఎదురుగా కూర్చుని, తన కంచంలో తిని, తల మాత్రం ఊపుతూ వచ్చాడు.

నష్మియా లేచింది. ఆమె మొహంలో దఖీల్ భయపడ్డది ఏదీ లేదు. చాలా దూరం గెడ వేసినవాళ్లకుండే అలసట మాత్రం ఉంది.

"ఆ ఈటె మా ఇంటి కప్పులో ఉంది. ఎవరిదో తెలీక చాలాసార్లు చూసుకున్నా."

"చెల్లీ," అన్నాడు దఖీల్. "నీ మరుదుల్ని పిలు. పంచాయితీ పెట్టు. ఏం అడిగితే..." అడిగేదేమిటో గుర్తొచ్చి ఆగిపోయాడు. బయట దూరంగా వబ్రియా గేదెలను అదిలిస్తున్న గొంతు వినిపిస్తోంది.

"పిలిస్తే ఏమవుతుంది? నా రెండోవాడికి మీసం వస్తోంది. ఇది వాడి చెవిన పడితే వాడు తుపాకీ అడుగుతాడు. వాడు మీవాణ్ణి, మీవాళ్లు వాణ్ణి. లేదంటే ఆ పసిదాన్ని తెచ్చి నా ఇంట్లో పెడతారు. దాని మొహం చూస్తూ నేను రోజూ తినాలి. నా బిడ్డలు ఇద్దరే మిగిలారు అన్నా. వాళ్లకోసం, పెద్దవాణ్ణి తంతలే తీసుకుపోయాడు. నిన్నా అదే చెప్పా, రేపూ అదే చెబుతా."

చిలైబ్ ఆమె కాళ్లవైపు వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"వద్దురా. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాల్సొస్తుంది. అంత ఓపిక లేదు." గుమ్మం దగ్గర ఆగింది. "ఈటె మటుకు పంపను. ఇచ్చేస్తానన్నది వాడు. నేను అనలేదు."

రేవులో పడవ ఎక్కి, గెడ వేసి, వెనక్కి చూడకుండా వెళ్లింది. రెల్లు ఆమె వెనక మూసుకుంది.

హిక్మత్ రేవుగట్టు మీద పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. దఖీల్‌ను చూసి లేచి నిలబడ్డాడు. క్షమాపణ లాంటిదేదో అన్నాడు. తర్వాత ఉండబట్టలేక, గొంతు తగ్గించి అడిగాడు.

"లోపల ఏం చెప్పాడు? నాకు తెలియాలి దఖీల్. ఇంతదాకా వచ్చాక సగంలో వదల్లేను. అది తంతలేనని ఇప్పటికీ అంటున్నాడా?"

దఖీల్ అతని కోటు లోపలి టేపుల ఉబ్బునూ, తుడిచి మళ్లీ పెట్టుకున్న కళ్లజోడునూ చూశాడు. ఈ మనిషికి నిజం చెబితే అది ఏ గుమ్మం ముందు ఏ కథకు మారకమవుతుందో తెలుసు. సరుకు ఎవరికి ఇవ్వకూడదో తెలియడం కూడా వ్యాపారమే.

"తంతలే అన్నాడు ఉస్తాద్. ఆ తల్లీ అదే అంది. ఇక్కడ అందరం అదే అంటాం."

"నేననుకున్నదీ అదే," అన్నాడు హిక్మత్. నిజంగా సంతోషపడ్డాడు. లాంచీ వచ్చింది, ఎక్కాడు. చెయ్యి ఊపాడు.

ఎండలు ముదిరేలోపు దఖీల్ లెక్క చూసుకున్నాడు. హిక్మత్ చెప్పిన బస్రా బావమరిది మాట నిజమైంది. పెరట్లో చాపలన్నీ దళారీ లేకుండా రేవు దాటాయి, ఇంకా కావాలని కబురొచ్చింది. నష్మియా ఊళ్లో పిల్లలకు మళ్లీ కథలు చెబుతోంది, ఆ పుణ్యం దఖీల్‌దేనని సహైన్ నలుగురిలోనూ అంటున్నాడు. రెండు తెగల్లోనూ అతని మాట విలువ ఇంకొంచెం పెరిగింది. వబ్రియా ఇంట్లోనే ఉంది, ఆ ఏడు అల్లిక నేర్చుకుంది. చిలైబ్ ఉన్నాడు. పొగమంచులోనూ కడుపునిండా తింటున్నాడు, పడుకుంటే నిద్రపోతున్నాడు. పోతుందని భయపడ్డది ఒక్కటీ పోలేదు. ఎటు తిప్పి చూసినా లాభమే. కొత్తగా చేరింది ఒక్కటే: ఇక్కడ నీళ్లు లోతు లేదు, పర్లేదు దిగు అని తమ్ముడు చెబితే, దఖీల్ అవునంటాడు. అని, తన గెడ తను దించి చూసుకుంటాడు.